రెండు పొట్లాలు

ఫిబ్రవరి 3

పురుగుమందుల షాపువాళ్లు ఇచ్చిన డైరీ ఇది. ముందు పేజీల్లో మిర్చికి ఏ నెలలో ఏ మందు కొట్టాలో ఉంది. నాకు సెంటు పొలం లేదు. ఊరందరికీ ఇచ్చి గుడి పూజారికి ఇవ్వకపోతే బాగుండదని ఇచ్చినట్టున్నారు. నెలరోజులు అటక మీద పడి ఉంది. ఇవాళ ఎవరితోనూ అనలేని సంగతి ఒకటి వచ్చిపడింది కాబట్టి దించాను.

న్యూజిలాండ్ నుంచి ఫోన్. చైతన్యకృష్ణ అట. అక్కడ మనవాళ్లు కట్టుకున్న గుడికి కార్యదర్శి, సొంతూరు ఒంగోలు. పోయినేడు వాళ్లమ్మగారిని తీసుకుని మా చెన్నకేశవస్వామి దగ్గరికి వచ్చాడట. "మీ గొంతు మా అమ్మ ఇంకా తలుచుకుంటుందండీ శేషాచలం గారూ. మాకు వైఖానస ఆగమం తెలిసిన అర్చకులు కావాలి. మీరు వస్తానంటే కాగితాలన్నీ మేమే చూసుకుంటాం" అన్నాడు.

ఆలోచించి చెప్తానన్నాను. నేను తొందరపడలేదు.

పెట్టేసేముందు, "మీ ఆవిడగారు ప్రసాదాలు చేస్తారు కదా? అక్కడ కూడా ఆవిడే చేస్తే మాకు ఇంకో మనిషిని వెతికే పని ఉండదు. ఇద్దరి సంగతీ కలిపి కమిటీ ముందు పెడతాను" అన్నాడు. "దానిదేముందండీ, చేస్తుంది" అన్నాను.

ఆలోచించి చెప్తానన్నవాణ్ణి ఆ మాట ఎందుకన్నానో తెలియదు. మర్యాదకి అన్నాననుకుంటాను.

ఫిబ్రవరి 4

మాధవికి ఫోన్ సంగతి చెప్పాను. నైవేద్యానికి బియ్యం ఏరుతోంది.

"న్యూజిలాండ్ అంటే ఎక్కడండీ?"

"ఆస్ట్రేలియా పక్కన."

"ఆస్ట్రేలియా అంటే ఎక్కడ?" అని నవ్వింది. తనకు తెలుసు. పెళ్లికి ముందు డిగ్రీ రెండేళ్లు చదివింది. నన్ను ఆటపట్టించడానికి అడుగుతుంది.

"ఇంతకీ మీరేమన్నారు?"

"స్వామి ఏమంటాడో చూడాలి" అన్నాను. ఆవిడ మళ్లీ చేటలోకి చూసుకుంది.

వంట సంగతి చెప్పలేదు. ముందు అసలుది తేలనీ.

ఫిబ్రవరి 9

తేలదు. ఎందుకు తేలదో రాసుకుంటే కొంచెం కుదురు వస్తుందేమో.

సముద్రం దాటిన అర్చకుడు మళ్లీ మూలవిరాట్టును ముట్టుకోకూడదు. గర్భగుడి గడప దాటి లోపలికి పోకూడదు. ప్రాయశ్చిత్తం చేసుకుంటే చాలని కొన్నిచోట్ల అంటారు. మా ఇంట్లో ఒప్పుకోరు. తాతగారి తమ్ముడొకాయన రంగూన్ వెళ్లివచ్చి, బతికినన్నాళ్లూ మండపంలో కూర్చుని విష్ణుసహస్రం చదువుకున్నాడని నాన్న చెప్పేవాడు. అంటే నేను వెళ్తే వెళ్లినట్టే. రెండేళ్లకో పదేళ్లకో తిరిగివచ్చినా స్వామి దగ్గర నాకు చోటుండదు. అందరితోపాటు బయట నిలబడి శఠగోపం పెట్టించుకోవాలి.

అక్కడ కూడా స్వామే. ఆయన్ని ముట్టుకోవచ్చు. సముద్రానికి అవతలి స్వామికి పనికివచ్చే చేతులు ఇవతలి స్వామికి పనికిరావు. ఇదెవరిని అడగాలో కూడా తెలియదు.

నాన్న పోయేనాటికి నాకు పంతొమ్మిది. ఇప్పుడు నలభై ఆరు. పురుళ్లకీ చావులకీ మైల పట్టిన రోజులు తప్ప స్వామిని ముట్టుకోని రోజు లేదు. మాకు పిల్లలు లేరు. పొద్దున్నే లేపడం, నీళ్లు పోయడం, పంచె కట్టడం, తినిపించడం, పడుకోబెట్టడం, అన్నీ ఆయనకే చేశాను.

మాధవి కోసమైతే వెళ్లాలి. ఈ ఊళ్లో ఆవిడకి ఏముంది?

ఫిబ్రవరి 10

చైతన్యకృష్ణ వీడియో పంపాడు. వాళ్ల గుడిలో శనివారం అర్చన. హాలు నిండా జనం, రెండు వందల మంది ఉంటారు, ఒక్కరు ఫోన్ చూడటం లేదు. మా గుడికి శనివారం తొమ్మిది మంది వస్తారు. అందులో ఇద్దరు నీడకి.

పదకొండుసార్లు చూశాను. ఊరికే, స్థలం ఎలా ఉందో తెలుస్తుందని.

ఫిబ్రవరి 17

శశిభూషణ్ వచ్చాడు. మా బాబాయి కొడుకు, ఒంగోల్లో ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాడు. నా తర్వాత ఈ గుడి వంతు వాడిదే. ఆగమం నాకంటే శుద్ధంగా నేర్చుకున్నాడు. ఆ శుద్ధం మాటల్లో కూడా ఉంటుంది.

"వెళ్లు అన్నయ్యా, నేను చూసుకుంటా. కానీ ముందే చెప్తున్నా, సముద్రం దాటొచ్చాక నువ్వైనా సరే లోపలికి రానివ్వను. అప్పుడు నా తమ్ముడేగా అనుకుని వస్తే బాగుండదు."

"ఒరేయ్, నేనింకా వెళ్తాననలేదు."

"పాస్‌పోర్టు ఫోటోలు దిగావంట కదా?"

దిగాను. దిగి ఉంచుకుంటే ఎప్పటికైనా పనికొస్తాయి. ఈ ఊళ్లో ఏదీ దాగదు.

మార్చి 5

చిలకలూరిపేటలో అస్లాం నెట్ సెంటర్‌కి వెళ్లాను. వీసాకి కావలసిన కాగితం ఒకటి, నేను చేసే పనులేమిటో ఇంగ్లీషులో రాసివ్వాలట. నేను చెప్పుకుంటూ పోయాను, అస్లాం టైపు కొట్టుకుంటూ పోయాడు. పొద్దున నిద్ర లేపుతాను. స్నానం చేయిస్తాను. బట్టలు కడతాను. వేళకి తినిపిస్తాను. రాత్రి పడుకోబెడతాను.

అస్లాం ఆగాడు. "పంతులుగారూ, ఇట్టా పంపితే ముసలోళ్లని చూసుకునే ఉద్యోగం అనుకుంటారండీ."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత వాడే ఎక్కడో చూసి మంచి మాటలు పెట్టాడు. ఆ మాటలు నాకు అర్థం కాలేదు. నేను చేసే పనే.

బస్సులో వస్తుంటే దారి పొడుగునా కళ్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది. డ్రైవరు దగ్గర మొదలైన దగ్గు చివరి సీటు దాకా వచ్చింది. అక్కడ ఇప్పుడు పన్నెండు డిగ్రీలు. ఫోన్‌లో చూశాను.

మార్చి 18

పాస్‌పోర్టుకి ఇద్దరం విజయవాడ వెళ్లివచ్చాం. శశి ఒక పూట సెలవు పెట్టుకుని గుడి చూశాడు. వండేవాళ్లు లేరు కాబట్టి స్వామికి అరటిపళ్లు, పాలు. మాధవీ నేనూ కలిసి బస్సెక్కి ఎన్నేళ్లయిందో లెక్క అందలేదు. ఒకళ్లు వెళ్తే ఒకళ్లు ఉండాలి. మాకెప్పుడూ అంతే.

అక్కడ వేలిముద్రలకి గాజుపలక మీద వేళ్లు పెట్టమన్నారు. చింతపండుతో ఇత్తడి తోమీ తోమీ నా వేళ్లు అరిగిపోయినట్టున్నాయి, రెండోసారికి పడ్డాయి. మాధవివి నాలుగుసార్లు పెట్టినా పడలేదు. కౌంటర్లో అమ్మాయి వాటిని గుడ్డతో తుడిచి, "ఏం పని చేస్తారండీ?" అని అడిగింది. "వంట" అంది మాధవి. గంగాళాలు దింపీ దింపీ వేళ్ల కొసలు నున్నగా అయిపోయాయి. ఐదోసారికి పడ్డాయి.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయింది. పగలు ఆవిడ నిద్రపోవడం చూడలేదు నేను.

మార్చి 19

వంట సంగతి ఇవాళ చెబుదామనుకున్నాను. తలనొప్పిగా ఉందంది. రేపు చెప్తాను.

మార్చి 27

ఒప్పంద పత్రం వచ్చింది. నా ఫోన్‌లో తెరుచుకోవడం లేదని మాధవి ఫోన్‌కి పంపమన్నాను. అస్లాం దగ్గర ప్రింటు తీయించాను. ఏప్రిల్ ఆఖరులోగా సంతకం పెట్టి పంపాలి. ఇంగ్లీషులో ఉంది కాబట్టి మాధవికి ప్రత్యేకించి చూపించలేదు.

రేపు చెప్తాను.

ఏప్రిల్ 2

యలమందయ్య వచ్చాడు. పత్తి వేసిన పొలంలో బోరు దించాలా వద్దా అని పూలు పెట్టమన్నాడు.

ఊళ్లో ఇది మా తాతల నాటి నుంచి ఉంది. ఒక తెల్ల నందివర్ధనం, ఒక ఎర్ర గన్నేరు. రెండు విస్తరాకు ముక్కల్లో విడివిడిగా చుట్టి, దారం కట్టి, స్వామి పాదాల దగ్గర పెట్టి, పళ్లెంలో బయటికి తెస్తాను. అడిగినవాళ్లు ఒకటి తీస్తారు. తెలుపు వస్తే సరే, ఎరుపు వస్తే వద్దు. పెళ్లిళ్లు, బోర్లు, చదువులు, కోర్టు కేసులు, అన్నీ ఆ పళ్లెంలోనే తేలతాయి.

ఆయనకి తెలుపు వచ్చింది. కళ్లకద్దుకున్నాడు. "స్వామి మాటంటే మాటే పూజారిగారూ. ఆ యేడు మిరపకాయ వెయ్యొద్దని ఎట్టా చెప్పాడో చూడండి" అన్నాడు.

పళ్లెం తీసుకుని లోపలికి వచ్చేశాను. ఇది ఎవరికీ చెప్పలేదు. ఇక్కడైనా రాయాలి.

నల్ల తామర పురుగు వచ్చి మిర్చి మొత్తం ఊడ్చుకుపోయిన ఏడాది ఆయనకి చేతికి ఏమీ రాలేదు. మరుసటేడు మళ్లీ ఆరెకరాలు కౌలుకి తీసుకుని మిర్చే వేస్తానని పూలు అడగటానికి వచ్చాడు. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. మళ్లీ పోతే ఈ మనిషి మిగలడనిపించింది. రెండు పొట్లాల్లోనూ ఎర్ర గన్నేరే చుట్టాను. ఎరుపు వచ్చింది. ఆయన కౌలు మానుకున్నాడు. ఆ ఏడాది మిర్చి పండింది, ధర ఎవరూ చూడనంత పెరిగింది. ఆ ఆరెకరాలు చేసినవాడు ఇప్పుడు మేడ కట్టుకున్నాడు. యలమందయ్య ఇప్పటికీ అదే పెంకుటింట్లో ఉండి, స్వామి తన ప్రాణం కాపాడాడని అందరికీ చెబుతాడు.

మంచి ఉద్దేశంతోనే చేశాను.

ఏప్రిల్ 11

ఇంక ఆగలేను. ఒప్పందం పంపాల్సిన గడువు దగ్గరపడింది. ఊరందరి సంగతీ స్వామిని అడిగేవాణ్ణి, నా సంగతి ఎందుకు అడగకూడదు?

చిక్కేమిటంటే నేను చుట్టకూడదు. గన్నేరు కాడ గట్టిగా ఉంటుంది, ఆకు పైనుంచే నా వేలికి తెలిసిపోతుంది. పైగా నన్ను నేను నమ్మలేను. మాధవిని చుట్టమన్నాను. తియ్యడానికి యలమందయ్యని పిలుస్తాను. ప్రశ్న ఏమిటో ఆయనకి చెప్పను.

స్వామి ఎరుపంటే ఎరుపే. నాకేం బెంగ లేదు. మాధవే పాపం నొచ్చుకుంటుంది.

ఏప్రిల్ 12

తెలుపు!

యలమందయ్య తీస్తూ, "మీక్కూడా పూలెందుకు పూజారిగారూ? రోజూ ఆయనతో మాట్టాడతానే ఉంటారుగా" అని వేళాకోళం చేశాడు. పొట్లం నేనే విప్పాను. నందివర్ధనం, రెక్క కూడా నలగలేదు. మాధవి గడప అవతల నిలబడి చూస్తోంది. "తెలుపే మాధవీ" అన్నాను. "మంచిదండీ" అంది.

సాయంత్రం అర్చన బాగా వచ్చిందని నాకే అనిపించింది. స్వామే పంపుతున్నాడు. ఇంక ఎవరేమన్నా ఫర్వాలేదు. శశిగాడితో కూడా తలెత్తుకుని చెప్పొచ్చు.

ఏప్రిల్ 13

తీయని పొట్లం విప్పకూడదు. అలాగే తీసుకెళ్లి నిర్మాల్యంతోపాటు తులసి మొదట్లో వేయాలి. ఇన్నేళ్లలో ఒక్కటి కూడా విప్పలేదు. చుట్టింది నేనే అయినప్పుడు విప్పే పనేముంటుంది?

ఇవాళ విప్పాను.

అందులో కూడా తెలుపే.

ఏప్రిల్ 14

పొరపాటున చుట్టి ఉంటుంది. తొందరలో రెండు నందివర్ధనాలు కోసుకొచ్చి ఉంటుంది.

ఇరవై ఒక్క ఏళ్లుగా నా కాపురంలో ఉన్న మనిషి. ఉప్పు పొరపాటున కూడా రెండోసారి వెయ్యదు.

ఏప్రిల్ 15

పోనీ ఆవిడ చేత అలా చుట్టించింది స్వామే అనుకుంటే? అప్పుడు తెలుపు తెలుపే. కానీ అలా అయితే యలమందయ్యకి నా చేత ఎరుపు చుట్టించింది కూడా స్వామే కావాలి. ఆ మాట ఆయన పెంకుటిల్లు ముందు నిలబడి అనగలనా?

ఏమీ తోచడం లేదు. అభిషేకంలో మంత్రం మధ్యలో ఆగి, ఎక్కడిదాకా వచ్చానో మర్చిపోయాను. ఎప్పుడూ ఇలా జరగలేదు.

ఏప్రిల్ 20

వారం రోజులు మింగి ఇవాళ అడిగాను. పులిహోర కలుపుతోంది.

"రెండిట్లోనూ తెల్లపూలే పెట్టావా?"

"విప్పారా?" అంది. చెయ్యి ఆపలేదు.

"అపచారం కాదూ?"

"అవునండీ."

"మరి ఎందుకు చేశావు? నీకు అంతగా వెళ్లాలనుంటే నాతో చెప్పొచ్చుగా."

అప్పుడు ఆపింది. "నాకు వెళ్లాలని ఉందని ఎవరన్నారు మీతో?"

"లేదా?"

"అది కూడా ఎవరన్నారు?"

నాకు కోపం వచ్చింది. ఏమిటీ తిరకాసు మాటలన్నాను. ఆవిడ గిన్నె మీద మూత పెట్టింది. "మీకు కావలసింది తెల్లపువ్వని ఈ ఇంట్లో గోడలకి కూడా తెలుసు. రోజుకి నాలుగుసార్లు అక్కడి ఎండా వానా చూసుకుంటారు. ఎరుపు వస్తే మళ్లీ పెడతారు, మళ్లీ వస్తే మళ్లీ పెడతారు. స్వామిని ఎన్నిసార్లు విసిగిస్తారు? అందుకని ఒకేసారి తేల్చేశాను" అంది. తర్వాత నైవేద్యం వేళయింది.

నాకు వెళ్లాలని ఉందట. నేను ఆవిడ కోసం వెళ్తుంటే.

ఏప్రిల్ 22

యలమందయ్య చేలోకి వెళ్లి అంతా చెప్పేశాను. ఆ ఎర్రపూల సంగతి. ఎందుకు చెప్పానో తెలియదు. వెళ్లిపోయేముందు బరువు దించుకుందామని అనుకుంటే, అది నా బరువు ఆయన నెత్తిన పెట్టడమే.

బోరు బండి వచ్చి ఉంది, దాని మోతలో రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. విని, బండి ఆపమని చెయ్యి ఊపాడు.

"మీరు నన్ను పిలిచి, ఒరేయ్ యలమందా, వెయ్యమాకరా అంటే సరిపోయేది గదా. తిట్టుకుంటానైనా వినేవోణ్ణి. వినకపోతే నా ఖర్మ. మధ్యలో ఆయన్నెందుకు తెచ్చారు?"

నేను చేతులు జోడించాను.

"వద్దు పూజారిగారూ. మీరు నాకు దణ్ణం పెట్టమాకండి. ఎల్లండి."

ఏప్రిల్ 23

యలమందయ్య గుడికి రాలేదు.

ఏప్రిల్ 26

రాలేదు. బోరులో నీళ్లు పడ్డాయట. వేరేవాళ్లు చెప్పారు.

ఒప్పందం గడువు నాలుగు రోజులుంది. స్వామి ఏమీ చెప్పలేదు. మాధవి ఏమీ చెప్పడం లేదు. నేను ఏం చెయ్యాలో నాకు చెప్పేవాళ్లు లేరు. నలభై ఆరేళ్లవాడికి ఇది కొత్తగా ఉంది.

ఏప్రిల్ 28

రాసేస్తాను.

నాకు వెళ్లాలని ఉంది.

మాధవి కోసం కాదు. మొదటి రోజు ఫోన్ పెట్టేసినప్పుడే ఉంది. అప్పుడే ఆవిడ వంట కూడా రాసిచ్చేశాను, ఎక్కడ అది అడ్డమవుతుందోనని. నేను అర్చన చేస్తుంటే రెండు వందల మంది వినాలని ఉంది. ఇరవై ఏడేళ్లుగా ఖాళీ మండపానికి వినిపించాను. స్వామి మీద నాకు విసుగు వచ్చింది. ఈ మాట రాయకూడదు, కానీ వచ్చింది. జ్వరమొచ్చినా లేచి ఆయన్ని లేపాలి. మైల వచ్చినప్పుడు, చచ్చిపోయినవాళ్ల మీద దుఃఖంతోపాటు పది రోజులు విశ్రాంతి అని కూడా అనిపించేది. అమ్మ పోయినప్పుడు కూడా.

విసుగు పుట్టినవాణ్ణి పొమ్మని ఆయన అనాలని చూశాను. ఆయన అంటే అది నా తప్పు కాదు.

ఆయన్ని ముట్టుకోకుండా ఎలా ఉంటానో కూడా తెలియదు. రెండూ నిజమే. ఎలా నిజమో నాకు అర్థం కావడం లేదు.

ఏప్రిల్ 29

మాధవిని అడిగాను. పెరట్లో కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని అడిగాను. "నాకు వెళ్లాలని ఉంది. నువ్వు వస్తావా?"

నా మొహంలోకి చూసింది. "ఇరవై ఒక్క ఏళ్లలో మీరు నన్ను అడిగిన మొదటి మాట ఇది. ఉప్పు సరిపోయిందా అని కూడా ఆయన్నే అడుగుతారు" అంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

వంట సంగతి కూడా చెప్పేశాను. "మార్చిలోనే తెలుసు" అంది. ఒప్పందం వచ్చింది ఆవిడ ఫోన్‌కే. డిగ్రీ రెండేళ్లు చదివిన సంగతి నేనే మర్చిపోయాను. "మీరెప్పుడు చెప్తారా అని చూస్తున్నాను" అంది.

"మరి తెలిసి కూడా తెల్లపూలు చుట్టావా?"

"మీరు వెళ్లడం వేరు, నేను వండటం వేరు. మీరు రెండూ ఒకే పొట్లంలో కట్టేశారు."

తర్వాత తనే చెప్పింది. వస్తానంది. వండటానికైతే రానంది. పొద్దున ఆరింటిదాకా పడుకోవాలని ఉందట. జలుబు చేస్తే జలుబు చేసినట్టు ఒక రోజు మంచం మీద ఉండాలని ఉందట. వేళ అనేది లేకుండా, ఆకలేసినప్పుడు తన కోసం ఒక ముద్ద వండుకోవాలని ఉందట. ఆగిపోయిన డిగ్రీ సంగతి అడిగితే, "అంత దూరం పోకండి, ముందు నిద్రపోనివ్వండి" అంది.

"మీకు ఆయన దూరమైపోతాడని బెంగ. నాకు ఎప్పుడు దగ్గరండీ? ఇన్నేళ్లు వండి ఆ గడప దగ్గర మీ చేతికిచ్చాను. లోపలికి వచ్చింది లేదు, ముట్టుకున్నది లేదు. నేను వదులుకునేది ఏమీ లేదు. పొయ్యి తప్ప."

 

ఏప్రిల్ 30

చైతన్యకృష్ణకి ఫోన్ చేశాను. మా ఆవిడ వంట చెయ్యదని, ముందు చేస్తుందన్నది నా తప్పని చెప్పాను. "ఇద్దరికీ కలిపే కమిటీ ఒప్పుకుందండీ. మళ్లీ అడగాలి. ఏమంటారో చెప్పలేను" అన్నాడు. మునుపటి గొంతు కాదు.

అయిపోయినట్టే ఉంది.

మే 4

ఒక్క ఏడాది చెయ్యమని మాధవిని అడిగితే? వెళ్లాక, అక్కడ కుదురుకున్నాక మానేయొచ్చు.

వంటింటి గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చాను. ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు. ఆవిడ నా వైపు చూసే చూపుకి భయపడ్డాను.

మే 8

ఫోన్ లేదు.

మే 11

ఫోన్ వచ్చింది. రమ్మన్నారు. శనివారాలు అక్కడి కుటుంబాలు వంతులేసుకుని ప్రసాదం చేస్తారట, మామూలు రోజుల్లో పాలూ పళ్లూ. కొత్త ఒప్పందం పంపుతారు. మాధవి దగ్గర కూర్చుని చదివించుకున్నాను. ప్రతి వాక్యం తెలుగులో చెప్పింది. రెండుచోట్ల నాకు తెలియని మెలికలు చూపించింది. సంతకాలు పెట్టాం.

సంతోషంగా ఉండాల్సింది. మధ్యాహ్నం స్వామికి కావలసినదానికి రెట్టింపు చందనం తీశాను.

మే 29

వీసాలు వచ్చాయి. శశి ఉద్యోగం మానేశాడు. వాడి భార్య నైవేద్యం వండుతుందా అని అడిగాను. "వండక?" అన్నాడు.

"ఒకసారి ఆవిణ్ణి అడుగు" అన్నాను. వాడికి అర్థం కాలేదు.

జూన్ 14

ఇవాళ్టితో నా వంతు అయిపోయింది. రేపు పొద్దున బయల్దేరడం.

అభిషేకానికి వేళ పెట్టుకోలేదు, నాకు తోచినంతసేపు చేశాను. స్వామి ఎడమ భుజం వెనక రాయి గరుకుగా ఉంటుంది. నూనె రాసేవాడి అరచేతికి తప్ప ఇంకెవరికీ తెలియదు. శశికి చెప్పాను, అక్కడ కొంచెం ఎక్కువ రాయమని. వాడు ముట్టుకుని చూసి తలూపాడు. నేను ఏడుస్తాననుకున్నాను, ఏడవలేదు. పంచె కుచ్చిళ్లు సర్దేటప్పుడు మాత్రం చేతులు ఒక పట్టాన వదల్లేదు. విసుగు పుట్టిన చేతులే అవి. క్షమించమని అడగలేదు. వెళ్తున్నానని చెప్పాను, నా ఇష్టంతో వెళ్తున్నానని కూడా చెప్పాను.

యలమందయ్య రాలేదు. వాళ్లావిడ వచ్చింది. తీర్థం పుచ్చుకుని, నాతో ఏమీ మాట్లాడకుండా వెళ్లింది. ఆ బరువు కూడా నాతో వస్తుంది.

తాళాలు శశి చేతిలో పెట్టి గడప దాటి బయటికి వచ్చాను. "లోపలికి రా అన్నయ్యా, ఇంకా సముద్రం దాటలేదుగా, హారతి అయ్యేదాకా ఉండొచ్చు" అన్నాడు. వద్దన్నాను. మాధవి తను ఎప్పుడూ నిలబడే చోట నిలబడి ఉంది. వెళ్లి పక్కన నిలబడ్డాను.

శశి హారతి ఇచ్చాడు. కిరీటం కనిపించింది, శంఖచక్రాలు కనిపించాయి. పాదాలు కనిపించలేదు. ఉత్సవమూర్తుల పీఠం అడ్డంగా ఉంది. ఆ పీఠాన్ని ఇరవై ఏడేళ్లు రోజూ తుడిచినవాణ్ణి నేనే. అది అడ్డమని నాకు తెలియదు.

"అక్కణ్ణుంచి కనపడవండీ" అంది మాధవి. మోచెయ్యి పట్టుకుని నన్ను స్తంభం వైపుకి జరిపింది. "ఇక్కడ. కొంచెం వంగండి."

వంగాను. కనిపించాయి.